పెద్దమ్మ నడక

“ఆగకు బిడ్డా, ఆ మలుపు దాకా పోదాం” అంటూ ఈ ఉదయం భద్రకాళి చెరువు కట్ట మీద పెద్దమ్మ నన్ను దాటుకొని ముందుకు సాగింది. చీర కుచ్చిళ్ల కింద ఆమె మనుమడి పాత బూట్లు వేసుకుంది.

షుగర్ బయటపడినప్పటి నుంచి ఆమె రాత్రి అన్నం మాని జొన్న రొట్టె తింటోంది, పెందలాడే పడుకుంటోంది. అయినా సంతోషంగా చెప్పుకున్నది షుగర్ అంకెల సంగతి కాదు. “నిద్ర మంచిగ పడుతున్నది, పొద్దున లేస్తే పాణం తేలికగ ఉంటున్నది” అంది. నాకు ఈ మాటే అన్నిటికంటే విలువైనదనిపించింది.

శరీరం వయసును కొలిచే పరీక్షలు కూడా ఇప్పుడు ఉన్నాయి. డీఎన్‌ఏ మీద 353 చోట్ల ఉండే మిథైల్ గుర్తులు అనే చిన్న రసాయన గుర్తులను బట్టి వయసును అంచనా వేసే పద్ధతిని స్టీవ్ హోర్వాత్ అనే శాస్త్రవేత్త 2013లో ప్రకటించారు. అమెరికాలో రెండేళ్లపాటు సాగిన ‘కేలరీ’ ప్రయోగంలో తిండి తగ్గించుకున్నవారికి వయసు మీదపడే వేగం 2 నుంచి 3 శాతం మందగించినట్లు 2023లో వెలువడిన విశ్లేషణ ఒక కొలమానం ప్రకారం చూపింది. అదే విశ్లేషణలో మరికొన్ని కొలమానాలు చెప్పుకోదగ్గ మార్పేమీ చూపలేదు. అందుకే పదేళ్ల వయసు వెనక్కి తిప్పుతామనే ప్రకటనలను నేను నమ్మలేను. పైగా ఆ ప్రయోగంలో పాల్గొన్నవారు ఊబకాయం లేని ఆరోగ్యవంతులు కాబట్టి, ఆ ఫలితాన్ని పెద్దమ్మకు నేరుగా అన్వయించడం సరికాదు.