587 డాలర్ల ప్రశ్న

ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో, ఇళ్లకు వైద్య పరికరాలు సరఫరా చేసే ఒక చిన్న దుకాణంలో తొమ్మిదేళ్లు బిల్లింగు పని చేశాను. గాలి నుంచి ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే కాన్సెంట్రేటర్లు, ఆసుపత్రి మంచాలు, వీల్‌చైర్లు, నిద్రలో శ్వాస ఆగకుండా చూసే సీప్యాప్ యంత్రాలు మా సరుకు. మా పేషెంట్లలో ఎక్కువ మంది అరవై అయిదు దాటినవారు. వారి బిల్లులో 80 శాతం, వృద్ధులకు అమెరికా ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా మెడికేర్ కడుతుంది, మిగిలిన 20 శాతం వారి బాధ్యత. యజమానితో కలిపి పదకొండు మందిమి. లాబీయింగ్, అంటే చట్టసభ సభ్యులను మనవైపు ఒప్పించే పని అనగానే పెద్ద కంపెనీలు, ఖరీదైన న్యాయవాదులు గుర్తొచ్చే నేను 2013 వసంతంలో ఆ పని మీదే వాషింగ్టన్ వెళ్లాను.

కథ టెండరుతో మొదలైంది. అంతవరకు ఈ పరికరాలకు ప్రభుత్వం దగ్గర ధరల పట్టిక ఉండేది. 2003 నాటి మెడికేర్ చట్టం ఆ పద్ధతి మాని, సరఫరాదారులతో టెండర్లు వేయించాలని చెప్పింది. తొలి విడత 2008 జులై 1న పది ప్రాంతాల్లో మొదలైతే, రెండు వారాలకే అమెరికా కాంగ్రెస్ దాన్ని ఆపేసింది. పరిశ్రమ ఒత్తిడి పనిచేసింది. అయితే ఆ వాయిదా ఊరికే రాలేదు. టెండరులో ఉన్న పరికరాల ధరలకు దేశమంతటా 9.5 శాతం కోత పడింది. 2011లో తొమ్మిది ప్రాంతాల్లో మళ్లీ మొదలుపెట్టారు. రెండో విడతలో మా కొలంబస్ వంతు వచ్చింది.

2012 మార్చి నెలాఖరు గడువు. పన్ను పత్రాలు, ఆదాయ వ్యయాల లెక్కలు, అప్పుల నివేదిక సిద్ధం చేశాక అసలు పని మొదలైంది. ప్రతి పరికరానికీ మా ధర రాయాలి, ఎన్ని ఇవ్వగలమో చెప్పాలి. యజమాని, నేను రాత్రిళ్లు కూర్చుని వ్యాను డీజిలు, టెక్నీషియన్ జీతం, ఫిల్టర్లు, గొట్టాలు, రాత్రింబవళ్లు ఎత్తే ఫోను వరకు అన్నీ లెక్కగట్టాం. నష్టం రాని ధర రాశాం. 2013 జనవరి 30న కొత్త ధరలు ప్రకటించారు. పాత పట్టిక కంటే అవి సగటున 45 శాతం తక్కువ. ఆక్సిజన్‌కు మేము రాసిన ధర ఎక్కువగా ఉందని మాకు కాంట్రాక్టు ఇవ్వలేదు.

ఓడిపోయినందుకు కాదు, ఓడించిన పద్ధతికి నాకు కోపం వచ్చింది. అప్పట్లో గెలిచినవారి ధరల్లో మధ్యగతాన్ని, అంటే వరుసలో పేరిస్తే సరిగ్గా నడుమ వచ్చే ధరను, అందరికీ ఖరారు చేసేవారు. కాబట్టి గెలిచినవారిలో దాదాపు సగం మందికి తాము అడిగిన దానికంటే తక్కువే వచ్చేది. పైగా టెండరు వేసినవారు దానికి కట్టుబడి ఉండనక్కర్లేకపోయింది. ఎంత తక్కువైనా రాసేసి, గెలిచాక గిట్టకపోతే వద్దనే వీలుండేది. వేలం పద్ధతులపై పరిశోధనలు చేసిన 160 మందికి పైగా నిపుణులు, మేరీల్యాండ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు పీటర్ క్రామ్టన్ ఆధ్వర్యంలో, 2010లోనే ఈ లోపాలను కాంగ్రెస్‌కు రాశారు. వారికి ఇందులో సొంత వ్యాపారమేమీ లేదు.

కొలంబస్ నుంచి ముగ్గురం ఏడు గంటలు కారు నడుపుకుంటూ వెళ్లాం. పరిశ్రమ సంఘం ఒక్కో బృందం చేతిలో, ఏమేం అడగాలో రాసిన ఒక కాగితం పెట్టింది. ఒక్కో కాంగ్రెస్ సభ్యుడి కార్యాలయంలో పదిహేను నిమిషాలు. మొదటి రెండు చోట్లా మా ఉద్యోగుల సంఖ్య, మా వ్యాన్లు, మా నష్టం చెప్పుకున్నాం. వాళ్లు మర్యాదగా తలూపారు. బయటికి వచ్చాక చూసుకుంటే, పేషెంటు మాట ఒక్కటీ మా నోట రాలేదు. నాకు సిగ్గనిపించింది.

మూడో చోట ప్రతినిధి సహాయకురాలు ఒక నివేదిక తీసింది. ఆరోగ్య శాఖ ఖర్చులను తనిఖీ చేసే అధికారి, ఇన్‌స్పెక్టర్ జనరల్, 2006లో ఇచ్చినది. కాన్సెంట్రేటర్ సగటు కొనుగోలు ధర 587 డాలర్లు. అదే యంత్రానికి 36 నెలల అద్దెగా మెడికేర్ అనుమతించేది 7,215 డాలర్లు. అందులో పేషెంటు జేబు నుంచి పోయేది 1,443. “యంత్రం ఖరీదుకు రెండింతలకు పైగా పేషెంటే కడుతున్నాడు. దీనికి మీరేమంటారు?” అని అడిగింది.

యజమాని నా వైపు చూశారు. నాకు విజయవాడలో మా నాన్నగారు గుర్తొచ్చారు. ఆయనకు కాన్సెంట్రేటర్ సొంత డబ్బుతో కొన్నాం. ఒక రాత్రి కరెంటు పోయింది. తమ్ముడు ఫోను చేసి, “అక్కా, ఈ వేళప్పుడు సిలిండరు ఎవరిస్తారు?” అని ఏడ్చాడు. తెల్లవారేదాకా స్కూటరు మీద తిరిగాడు. ఆ సంగతే ఆమెకు చెప్పాను. యంత్రం ధర అంతే కావచ్చు, కానీ రాత్రి రెండు గంటలకు సిలిండరుతో తలుపు తట్టే మనిషి కూడా ఆ 7,215లోనే ఉన్నాడని చెప్పాను.

ఆమె రాసుకుని, “అయితే ఆ మనిషికి వేరుగా చెల్లించమని ఎందుకు అడగరు?” అంది.

మా కాగితంలో ఆ మాట లేదు. ఆమె అడిగింది న్యాయం. పాత పట్టికలో కొవ్వు ఉన్న మాట నిజం. ఏళ్ల తరబడి దాన్ని కాపాడుకోవడానికే మా పరిశ్రమ శక్తి ఖర్చయింది. ఆ మాట నేను పైకే అన్నాను. యజమాని కాదనలేదు. తర్వాత ఆమె అయిదు బిడ్లు కాగితం మీద వేసి, మధ్యగతం లెక్క తానే చేసి చూసింది. పదిహేను నిమిషాల భేటీ నలభై నిమిషాలు సాగింది.

ఆ ఏడాది ఫలితం దక్కలేదు. టెండరు పద్ధతిని మార్చాలని జార్జియా ప్రతినిధి టామ్ ప్రైస్ తెచ్చిన బిల్లు ముందుకు కదలలేదు. 200 మందికి పైగా ప్రతినిధులు వాయిదా కోరుతూ లేఖ రాశారు. టెనెస్సీలో రాష్ట్ర లైసెన్సు లేని సంస్థలకు కాంట్రాక్టులు ఇచ్చారని తేలి, వాటిని రద్దు చేయాల్సి వచ్చింది. అయినా జులై 1న రెండో విడత మొదలైంది. కాంట్రాక్టు లేకున్నా పాత పేషెంట్లను కొత్త ధరకు కొనసాగించే వీలుంది కానీ, ఆ ధర మాకు గిట్టలేదు. ఇక మేము సరఫరా చేయలేమని ఆక్సిజన్ పేషెంట్లందరికీ నేనే ఫోను చేసి చెప్పాను. ఆ పనికి మూడు రోజులు పట్టింది.

మార్పులు మెల్లగా వచ్చాయి. 2015 చట్టం ఒక్కో ప్రాంతానికి కనీసం 50,000 డాలర్ల హామీ బాండు పెట్టనిదే టెండరు వేయకూడదంది. 2018లో మధ్యగతం పోయి, గెలిచిన బిడ్లలో గరిష్ఠ ధర వచ్చింది. ఆ పద్ధతిలో టెండర్లు పిలిచాక, ఆశించిన ఆదా రాలేదంటూ 2020 అక్టోబరులో 13 రకాల పరికరాలకు కాంట్రాక్టులే ఇవ్వలేదు. ఆ 45 శాతం ఆదాలో నిజమెంతో ఇక్కడే తేలిందని నా నమ్మకం. అప్పటికి మా దుకాణం లేదు.

2024లో సెనేటులో సోర్ అనే బిల్లు ప్రవేశపెట్టారు. ఆక్సిజన్ పేషెంట్లకు శ్వాస చికిత్స నిపుణుల సేవ అందేలా, దానికి చెల్లింపు ఉండేలా చూడాలన్నది అందులో ఒక ప్రతిపాదన. ఈసారి దాన్ని అడుగుతున్నవారిలో పేషెంట్ల సంఘాలు ముందున్నాయి. నేనూ మా సెనేటరు కార్యాలయానికి లేఖ రాశాను. మా తమ్ముడి ఫోనుతోనే మొదలుపెట్టాను.