మస్టర్ రోల్ మీద చుక్కలు

ఇరవై రెండేళ్లుగా జీతాల లెక్కలు చూసే పనిలో ఉన్నాను. అందుకేనేమో, మధ్యయుగ యూరప్ గురించి చదవడం మొదలుపెట్టినప్పుడు కత్తులూ కవచాల కంటే ముందు నా కళ్లు మస్టర్ రోళ్ల మీద, అంటే సైనికుల హాజరు పట్టీల మీద, పడ్డాయి. పదిహేనో శతాబ్దపు ఇంగ్లండ్ సైన్యానిది ఒకదాని ఫొటో చూశాను. పొడవాటి తోలు పత్రం, వరసగా పేర్లు, పేర్ల పక్కన చిన్న సిరా చుక్కలు. చుక్క ఉందంటే ఆ మనిషి తనిఖీకి వచ్చి నిలబడ్డాడని అర్థం. నేను టిక్కు పెడతాను, ఆ గుమాస్తా చుక్క పెట్టాడు, అంతే తేడా. రాజులకు బలం ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు నాకు దారి దొరికింది ఆ చుక్కల దగ్గరే.

అంతకు ముందు పద్ధతి వేరు. రాజు దగ్గర భూములు పొందిన ప్రభువులు తమ మనుషులతో యుద్ధానికి వచ్చి, చాలాచోట్ల 40 రోజులు పనిచేసి వెళ్లిపోయేవాళ్లు. 1226లో ఫ్రాన్స్ రాజు ఎనిమిదో లూయీ అవీన్యాన్ నగరాన్ని ముట్టడించాడు. జూన్‌లో మొదలైన ముట్టడి సెప్టెంబరు దాకా తెగలేదు. షాంపేన్ కౌంట్ తిబో మాత్రం తన 40 రోజులు అయిపోగానే, రాజు వద్దంటున్నా వినకుండా, మనుషుల్ని తీసుకుని ఇంటిదారి పట్టాడు. నోటీస్ పీరియడ్ కూడా లేదు! నిజానికి ఆయన మీద తప్పు పట్టడానికీ లేదు, ఆనవాయితీ ప్రకారమే వెళ్లాడు. ఆ నవంబరులోనే రాజు జబ్బుచేసి చనిపోతే తిబోనే విషం పెట్టాడని పుకారు లేచింది. పనిచేసే చోట పుకార్లు అప్పుడూ ఇంతే.

ఇంగ్లండ్ రాజులు ఈ చిక్కును ముందే కనిపెట్టారు. 1159లో ఫ్రాన్స్ దక్షిణాన ఉన్న తులూజ్ మీదకు వెళ్లేటప్పుడు రెండో హెన్రీ తన ప్రభువుల నుంచి మనుషులకు బదులు డబ్బు తీసుకున్నాడు. దాన్ని డాలు పన్ను అనేవాళ్లు. ఆ డబ్బుతో కిరాయి సైనికుల్ని పెట్టుకుంటే 40 రోజుల గోల ఉండదు. ఆయన కొడుకు జాన్ ఈ పన్నును మరీ పిండేసరికి, రాజు అధికారానికి హద్దులు పెట్టిన 1215 నాటి మాగ్నా కార్టా పత్రంలో దీనికి కళ్లెం వేస్తూ ఒక షరతు పెట్టారు.

నాకు బాగా నచ్చేది 1415. ఫ్రాన్స్‌లో జరిగిన అజిన్‌కోర్ట్ యుద్ధంలో ఇంగ్లండ్‌ను విలుకాళ్లే గెలిపించారంటారు, కాదనను. కానీ వాళ్లను సముద్రం దాటించింది ఒప్పంద పత్రాలు. ఒకే తోలు మీద ఒప్పందాన్ని రెండుసార్లు రాసి, మధ్యలో రంపపు పళ్లలా వంకరటింకరగా కోసేవాళ్లు. ఒక ముక్క రాజుకి, ఒకటి సైన్యం తెచ్చే నాయకుడికి. తర్వాత తగాదా వస్తే రెండు ముక్కలూ పక్కన పెట్టి చూస్తారు, పళ్లు కలిస్తే అసలుది. కవచధారికి రోజుకి 12 పెన్నీలు, విలుకాడికి 6. జీతం మూడు నెలల లెక్కన. మొదటి మూడు నెలలదీ ఎలాగో సర్దిన ఇంగ్లండ్ రాజు ఐదో హెన్రీ, రెండో విడతకు చేతిలో డబ్బులేక తన నగలూ, కిరీటాలూ నాయకుల దగ్గర తాకట్టు పెట్టాడు. 1422లో ఆయన చనిపోయేనాటికి కొన్ని ఇంకా విడిపించనే లేదు.

జీతం ఆగితే ఏమవుతుందో నాకు తెలుసు. నేను మొదట పనిచేసిన ఒక కంపెనీలో వరసగా రెండు నెలలు జీతాలు పడలేదు. మొదటి నెల అందరూ నా టేబుల్ దగ్గరికి వచ్చి మెల్లగా అడిగారు. రెండో నెల అడగడం మానేశారు, ఆ మౌనానికే నాకు ఎక్కువ టెన్షన్ వచ్చింది. తర్వాత స్టోర్‌లో సామాన్లు ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చాయి.

ఆ మనుషుల చేతుల్లో కత్తులు ఉండి ఉంటే? 1430ల చివర్లో ఫ్రాన్స్‌లో జరిగింది అదే. 1435లో, అప్పటిదాకా ఇంగ్లండ్ పక్షాన ఉన్న బర్గండీ ప్రభువుతో ఫ్రాన్స్‌కు సంధి కుదిరాక పనీ జీతమూ లేని సైనికులు గుంపులుగా పల్లెల మీద పడ్డారు. జనం వాళ్లకు పెట్టిన పేరు ‘తోలు ఒలిచేవాళ్లు’. ఒంటి మీద చొక్కా తప్ప ఏమీ మిగల్చరని.

దీనికి ఫ్రాన్స్ రాజు ఏడో చార్లెస్ చేసిన మందు అందరూ అనుకున్నట్టు ఉరితాళ్లు కాదు. 1439లో ఆర్డినెన్స్ తెచ్చాడు: రాజు అనుమతి లేకుండా ఎవరూ సైన్యం పెట్టకూడదు, ప్రభువులు సొంతంగా యుద్ధపన్ను వసూలు చేయకూడదు. పెద్దలు మరుసటి ఏడాదే తిరగబడ్డారు, రాజు సొంత కొడుకు కూడా వాళ్లతో చేరాడు. నిలవలేకపోయారు. 1445లో ఆ గుంపుల్లోంచే పనికొచ్చేవాళ్లను ఏరి 15 కంపెనీలు, అంటే సైనిక దళాలు, కట్టారు. కంపెనీకి ‘లాన్స్’లు అనే చిన్న జట్లు 100, ఒక్కో లాన్స్‌లో సేవకులతో కలిపి ఆరుగురు. మొత్తం 9,000 మంది, యుద్ధం లేనప్పుడు కూడా జీతం మీద. కెప్టెన్ల నియామకం రాజుదే, ఆ కెప్టెన్లు మళ్లీ ప్రభువుల ఇళ్ల మనుషులే. నిన్న మాకు మేమే రాజులం అన్న కుటుంబాలు ఇవాళ తనిఖీకి వరసలో నిలబడ్డాయి.

ఈ ఖర్చుకు ‘తాయ్’ అనే పన్ను ఉంది. ప్రభువులు దాన్ని కట్టక్కర్లేదు, కాబట్టి పెద్దగా అరవలేదు. కట్టింది రైతులు. ఏటేటా ప్రతినిధుల సభను పిలిచి అడగడం కూడా రాజు క్రమంగా మానేశాడు. నా దృష్టిలో ఫిరంగి కంటే పెద్ద మార్పు ఇదే. ఫిరంగి కొనడానికైనా ముందు ఏటా వచ్చే ఆదాయం ఉండాలి కదా.

ఫిరంగుల దగ్గరికొస్తే, నాకో సంతోషకరమైన విషయం దొరికింది. 1449, 1450ల్లో ఇంగ్లండ్ చేతిలో ఉన్న నార్మండీ ప్రాంతాన్ని ఫ్రాన్స్‌కు ఏడాదిలో తిరిగి గెలిచిపెట్టిన ఫిరంగి దళం పెద్ద జాన్ బ్యూరో యుద్ధవీరుల కుటుంబం వాడు కాదు. లెక్కల మనిషి, ఫ్రాన్స్ కోశాధికారిగా పనిచేసినవాడు. 1453 జులై 17న ఫ్రాన్స్‌లోని కాస్తియాన్ దగ్గర ఆయన కందకాలు తవ్వించి, మట్టికట్టలు పోయించి, ఫిరంగులు వరసగా పెట్టించాడు. ఇంగ్లండ్ సేనానుల్లో అందరికంటే పేరుమోసిన వృద్ధ యోధుడు జాన్ టాల్బట్ తన పూర్తి సైన్యం వచ్చేదాకా ఆగకుండా ఆ శిబిరం మీదకు దూకాడు. అక్కడే చనిపోయాడు. ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల మధ్య సాగిన వందేళ్ల యుద్ధంలో చివరి పెద్ద పోరాటం అది.