ఇంజన్ రెండుసార్లు సీజ్ అయ్యాక బీపీ బల్బు పట్టుకున్నా

సెకండ్ హ్యాండ్‌లో టూ స్ట్రోక్ ఏటీవీ (మట్టిలో తిరిగే నాలుగు చక్రాల బండి) కొన్న ప్రతివాడికీ మొదట వినబడే సలహా ఒకటే, పెట్రోల్‌లో ఆయిల్ బాగా కలుపు లేకపోతే పిస్టన్ పట్టేస్తుంది అని. నాకూ అదే చెప్పారు, నేనూ నమ్మా, నమ్మి ఒకే బండిని రెండుసార్లు సీజ్ చేసుకున్నా. రెండుసార్లూ ఆయిల్ పుష్కలంగానే ఉంది. ఉండకూడని చోట ఉన్నది గాలి.

నాది 200 సీసీ ఎయిర్ కూల్డ్ సింగిల్ సిలిండర్. అమ్మినతను "ఇంజన్ ఇప్పుడే చేయించాం" అన్నాడు, పాత బండి అమ్మే ప్రతివాళ్ళూ అనే మాటే కదా, పైగా ఒక్క కిక్‌కే స్టార్ట్ అయింది కాబట్టి నేను ఇంకేం అడగలేదు. ఒక్కటి మాత్రం మొదటి రోజు నుంచే వింతగా ఉండేది. రేస్ ఇచ్చి వదిలితే ఇంజన్ సౌండ్ వెంటనే కిందకి దిగేది కాదు, రెండు మూడు సెకన్లు పైనే వేలాడి అప్పుడు మెల్లగా దిగేది. నేను దాన్ని "అబ్బ ఇంజన్ ఎంత ఫ్రీగా ఉంది" అనుకున్నా చూడండి, ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది. ఐడిలింగ్ ఎక్కువుందేమో అని ఆ స్క్రూ కాస్త వదులు చేసి సరిపెట్టేశా.

తర్వాత ఒక చలి పొద్దున ఖాళీ మైదానంలో టాప్ గేర్‌లో ఫుల్ త్రాటిల్ మీద పోతుంటే, ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు బండి ఒక్కసారి బరువెక్కింది, నేను అదేంటా అనుకునేలోపే వెనక చక్రాలు లాక్ అయిపోయాయి. క్లచ్ పట్టుకోవాలని కూడా తోచలేదు. పడలేదు, అంతవరకు అదృష్టం. చల్లారాక కిక్కర్ కదిలింది గానీ కంప్రెషన్ లేదు, హెడ్డు విప్పితే గోడకి అల్యూమినియం పూతలా అంటుకుని ఉంది.

సిలిండర్ బోర్ చేసే లేత్ పెద్దాయన పిస్టన్‌ని చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి "బోర్ నేను చేసిస్తా బాబూ, పట్టేయడానికి కారణం దొరికిందా?" అన్నాడు. ఆయిల్ తక్కువైందనుకుంటా అండీ అన్నా. "ఆయిల్ లేకపోతే చుట్టూ గీసుకుపోతుంది, ఇది చూడు, ఎగ్జాస్ట్ వైపే ఎక్కువ తినేసింది, పై అంచు కూడా కాలింది, ఇది వేడికి పోయింది" అన్నాడు. విన్నా గానీ బుర్రకెక్కలేదు. 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజ్ పిస్టన్ వేయించి, ఇంటికొచ్చి నేను చేసిన మొదటి ఘనకార్యం ఏంటంటే 32 పాళ్ళ పెట్రోల్‌కి 1 పాలు కలిపే ఆయిల్‌ని 20కి 1 చేశా. అంటే లీటర్‌కి దాదాపు 31 మిల్లీలీటర్లు పోసేవాణ్ణి 50 పోశా.

ఇక్కడే అసలు తిరకాసు. కార్బొరేటర్‌లో జెట్ అనే పెట్రోల్ వచ్చే సన్నటి రంధ్రం మారదు, దాంట్లోంచి దూరేది ఎంతో అంతే. ఆ దూరే దాంట్లో ఆయిల్ పెరిగితే పెట్రోల్ తగ్గుతుంది, పైగా మిశ్రమం చిక్కబడి పారడం కూడా నెమ్మదిస్తుంది. గాలి మాత్రం ఎప్పటంతే వస్తుంది. అంటే ఆయిల్ పెంచి నేను ఇంజన్‌ని ఇంకాస్త లీన్ చేశా, అంటే గాలికి తగ్గ పెట్రోల్ లేకుండా చేశా, లీన్ అయితే మంట వేడెక్కుతుంది, పిస్టన్ అల్యూమినియం కాబట్టి ఇనప స్లీవ్ కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది, ఉన్న సందు కాస్తా మూసుకుపోయి పట్టేస్తుంది. రెండోసారి పట్టేసే ముందు ఆ బరువెక్కడం తెలిసింది కాబట్టి వెంటనే క్లచ్ లాగేశా, రింగులతో, కాస్త హోనింగ్‌తో (సిలిండర్ గోడని సన్నగా అరగదీయడం) బయటపడ్డా. కానీ అప్పుడు కూర్చుని ఆలోచించా, పెద్దాయన అడిగిన ప్రశ్నకి నా దగ్గర ఇంకా జవాబు లేదు కదా అని.

టూ స్ట్రోక్‌లో క్రాంక్ కేస్, అంటే పిస్టన్ కింద క్రాంక్ తిరిగే గది, ఊరికే ఉండే డబ్బా కాదు, అదే పంపు. పిస్టన్ పైకెళ్తే కింద వాక్యూమ్ వచ్చి కార్బొరేటర్ నుంచి మిశ్రమాన్ని లాగుతుంది, కిందకొస్తే నొక్కి పోర్టుల్లోంచి పైకి తోస్తుంది. ఆ డబ్బాకి ఎక్కడ చిల్లు పడినా కార్బొరేటర్‌కి తెలీకుండా దొంగ గాలి లోపలికొస్తుంది. ఫోర్ స్ట్రోక్‌లో క్రాంక్ సీల్ (క్రాంక్ షాఫ్ట్ చివర ఉండే రబ్బరు రింగు) పోతే ఆయిల్ కారుతుంది, తుడుచుకుని నడుపుకోవచ్చు, ఇక్కడ సీల్ పోతే పిస్టన్ పోతుంది. రేస్ వదిలినా సౌండ్ దిగకుండా వేలాడటం దానికి మొదటి గుర్తు, నేను మురిసిపోయింది దాన్ని చూసే.

ఇంకో సంగతి, ఈ బండ్లన్నీ ముసలివి. యమహా బాన్షీ 1987లో వచ్చింది, 347 సీసీ ట్విన్, బ్లాస్టర్ 1988లో వచ్చింది, రెండూ అమెరికాలో 2006 మోడల్‌తో ఆగిపోయాయి. హోండా టీఆర్‌ఎక్స్ 250ఆర్ అయితే 1989కే అయిపోయింది, సుజుకి క్వాడ్‌రేసర్ 250 కూడా 1992 వరకే. అంటే ఎంత కొత్తది దొరికినా దాంట్లో రబ్బరుకి చాలా ఏళ్ళుంటాయి. ఇనుము బాగానే ఉంటుంది, బోర్ చేస్తే మళ్ళీ కొత్తదే. రబ్బరు బయటికి నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది, వేలితో వంచితే పగుళ్ళు కనిపిస్తాయి. "ఇంజన్ చేయించాం" అంటే నూటికి తొంభైసార్లు పిస్టన్, రింగులు మార్చారనే, సీల్స్ జోలికి ఎవరూ పోరు ఎందుకంటే దానికి ఫ్లైవీల్ విప్పాలి.

సరే, లీక్ టెస్ట్ ఎలా చేశానో చెప్తా, ఇది కొంచెం వివరంగానే రాస్తా ఎందుకంటే నాకెవరూ సరిగ్గా చెప్పలేదు. సైలెన్సర్ విప్పి ఎగ్జాస్ట్ పోర్ట్‌కి పాత ట్యూబ్ రబ్బరు ముక్క, దాని మీద రేకు పెట్టి బిగించా. కార్బొరేటర్ తీసేసి ఇన్‌టేక్ రబ్బరు బూట్‌లోకి సరిగ్గా సరిపోయే గుండ్రటి ముక్క దూర్చి క్లాంప్ బిగించా, బూట్ మాత్రం తీయలేదు, దాన్నీ పరీక్షించాలి కదా. పాత ప్లగ్గు ఒకటి తీసుకుని లోపలి పింగాణీ అంతా పగలగొట్టి, ఆ గొట్టానికి పైపు అతికించి ప్లగ్గు రంధ్రంలో బిగించా. పిస్టన్‌ని పూర్తిగా కిందకి దింపి పెట్టాలి, అప్పుడే పోర్టులు తెరుచుకుని పైన కొట్టిన గాలి క్రాంక్ కేస్‌లోకి వెళ్తుంది. గాలి కొట్టడానికి మాత్రం ఇంట్లో ఉన్న పాత బీపీ మిషన్. నవ్వకండి, దాని మీటరు 300 దాకా ఉంటుంది, 300 అంటే దాదాపు 5.8 పీఎస్‌ఐ (టైర్లలో గాలి కొలిచే లెక్క). మనకి కావాల్సిందీ అంతే, 6 పీఎస్‌ఐ పెట్టి 6 నిమిషాలు వదిలేస్తే నిలబడాలి అనేది చాలామంది పాటించే లెక్క. కంప్రెసర్‌తో మాత్రం కొట్టొద్దు, ప్రెషర్ ఎక్కువైతే బాగున్న సీల్స్ కూడా ఊడి బయటికొస్తాయి.

నా ముల్లు 6 నిమిషాలు కాదు, 6 సెకన్లు కూడా నిలబడలేదు. బల్బు నొక్కుతుంటేనే జారిపోతోంది. సబ్బు నీళ్ళు తీసుకుని బ్రష్‌తో రాస్తూ పోయా. మొదటి బుడగ కార్బొరేటర్ బూట్ కింద వైపు, కంటికి కనపడని సన్నటి పగులు, వంచితే నోరు తెరిచింది. అది మార్చి మళ్ళీ కొడితే కాస్త నిలబడింది, మళ్ళీ దిగింది. మాగ్నెట్ కవర్ తీసి ఫ్లైవీల్ వెనక సబ్బు నీళ్ళు పోస్తే అక్కడ నురగ పాలపొంగులా వచ్చింది. క్రాంక్ సీల్. అప్పుడు నాకు కోపం రాలేదు, నిజం చెప్పాలంటే సంతోషమేసింది, దొంగ దొరికాడు.

రెండో వైపు సీల్, అంటే క్లచ్ వైపుది, బయటికి కనపడదు. దానికి గేర్ బాక్స్ బ్రీదర్ పైపు (లోపలి గాలి బయటికి వదిలే గొట్టం) చివర నీళ్ళ గ్లాసులో ముంచి చూడాలి, బుడగలొస్తే ఆ సీల్ పోయినట్టు. నడుస్తున్న బండిలో దానికి వేరే గుర్తు ఉంది, గేర్ ఆయిల్ ఎక్కడా కారకుండానే తగ్గిపోతుంటుంది, తెల్లటి పొగ ఆగకుండా వస్తుంది, ఎందుకంటే ఇంజన్ గేర్ ఆయిల్‌ని తాగి కాలుస్తోంది. నాది ఆ వైపు బాగానే ఉంది గానీ విప్పినప్పుడే అదీ మార్చేశా, ఎలాగూ పక్కదాని వయసే దానిదీ.

ఫ్లైవీల్ తీయడానికి పుల్లర్ కొనండి లేదా అడిగి తెచ్చుకోండి, సుత్తితో మాత్రం కొట్టకండి, అయస్కాంతాలు ఊడతాయి, క్రాంక్ చెదురుతుంది. పాత సీల్ ఎంత లోతులో ఏ వైపు మొహం పెట్టి ఉందో ఫోటో తీసుకోండి. కొత్తది ఎక్కించేటప్పుడు షాఫ్ట్‌ని తాకే సీల్ పెదవికి గ్రీజు రాయాలి, పీకేటప్పుడు స్క్రూడ్రైవర్‌తో షాఫ్ట్ మీద గీత పడితే కొత్త సీల్ కూడా అక్కడే కారుతుంది.

అంతా అయ్యాక 6 నిమిషాలు ముల్లు కదల్లేదు. అప్పుడు గానీ జెట్‌ల జోలికి పోలేదు. ఇది నేను పట్టుబట్టి చెప్పే మాట, లీక్ ఉన్న ఇంజన్‌కి జెట్టింగ్ చేయడమంటే చిల్లు కుండకి కొలత వేయడమే, ఇవ్వాళ సరిపోయింది రేపు సరిపోదు. లీక్ లేదని తేలాక మాత్రం మెయిన్ జెట్ ఒక సైజు పెద్దది నుంచే మొదలుపెట్టి తగ్గించుకుంటూ రండి, కిందనుంచి పైకి వెళ్ళొద్దు. చలికాలంలో గాలి దట్టంగా ఉంటుంది, వేసవిలో సరిపోయిన జెట్ చలిలో లీన్ అవుతుంది, నాది మొదటిసారి పట్టేసింది చలి పొద్దునే అని అప్పుడు గుర్తొచ్చింది. కార్బొరేటర్‌లోని నీడిల్ (సూది) క్లిప్ కిందకి జరిపితే నీడిల్ పైకి లేచి రిచ్ అవుతుంది, అంటే పెట్రోల్ ఎక్కువవుతుంది, దీన్ని నేను ఇప్పటికీ ప్రతిసారీ ఉల్టాగా ఆలోచించి తర్వాత దిద్దుకుంటా.

ఆయిల్ మళ్ళీ 32కి 1కే వచ్చా. ముందు డబ్బాలో ఆయిల్, కొంచెం పెట్రోల్ పోసి ఊపి, తర్వాత మిగతా పెట్రోల్ పోస్తే బాగా కలుస్తుంది, 5 లీటర్లకి 156 మిల్లీలీటర్లు, సిరంజితో కొలుస్తా, మూతతో లెక్కపెట్టే కాలం పోయింది. నెల దాటిన మిశ్రమం ఈ బండిలో పోయను. కొన్ని బండ్లకి ఆయిల్ పంపు ఉంటుంది, బ్లాస్టర్‌కి ఉండేది, చాలామంది పాత ఓనర్లు దాన్ని పీకేసి ఉంటారు, మీ బండిలో ఉందో లేదో కొన్న రోజే చూసుకోండి, ఉందనుకుని ఒట్టి పెట్రోల్ పోస్తే అంతే సంగతులు. పీకేసిన చోట ఆయిల్ వచ్చే చిన్న నిపుల్ మిగిలి ఉంటుంది, దానికి రబ్బరు టోపీ సరిగ్గా లేకపోతే అదీ గాలి దారే. ఇంకోటి, ప్రీమిక్స్ బండిని (ఆయిల్ ముందే పెట్రోల్‌లో కలిపి పోసేదాన్ని) పొడుగాటి దిగుడులో గేర్‌లో పెట్టి త్రాటిల్ పూర్తిగా మూసేసి దించకండి, ఇంజన్ జోరుగా తిరుగుతుంటుంది, పెట్రోల్ రాదు కాబట్టి ఆయిలూ రాదు. మధ్యమధ్యలో చిన్న రేస్ ఇస్తూ దిగాలి.

ఎయిర్ ఫిల్టర్ స్పాంజిని కడిగి, ఆరాక, ఫిల్టర్ ఆయిల్ పట్టించి పిండి, అంచుకి గ్రీజు రాసి పెట్టాలి. ఒట్టి స్పాంజి దుమ్ముని ఆపదు, ఆ దుమ్ము ఈ ఇంజన్‌లో క్రాంక్ బేరింగుల మీదుగానే పైకెళ్తుంది. గేర్ ఆయిల్ వెట్ క్లచ్‌కి సరిపడేది వాడండి, ఫ్రిక్షన్ తగ్గించే పదార్థాలు కలిపిన కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది.

కింద భాగాల గురించి పెద్దగా చెప్పేదేం లేదు, వెనక యాక్సిల్ పట్టుకుని ఊపితే కదలకూడదు, బండి మీద మనిషి కూర్చున్నప్పుడు కూడా చైన్‌లో లూజు మిగలాలి. టైర్లు మాత్రం తమాషా, వీటికి 4 పీఎస్‌ఐ అటూ ఇటూ చాలు, మామూలు గేజ్‌లో ఆ అంకె సరిగ్గా కనపడదు, తక్కువ ప్రెషర్ గేజ్ వేరే దొరుకుతుంది. ముందు రెండు టైర్లలో ఒక పీఎస్‌ఐ తేడా ఉన్నా హ్యాండిల్ ఒక పక్కకి లాగుతుంది, నేను దానికి టై రాడ్‌లు విప్పి రెండు రోజులు కుస్తీ పట్టా.

ఇప్పుడు రేస్ వదిలితే సౌండ్ టక్కున దిగిపోతుంది. ఆ బీపీ మిషన్ పెట్రోల్ వాసన పట్టేసి ఇంక మనుషులకి పనికిరాకుండా పోయింది, ఇంట్లోకి కొత్తది కొనిచ్చి పాతదాన్ని టూల్ బాక్స్‌లో పడేశా, ప్రతి సీజన్ మొదట్లో ముందు బయటికి తీసేది అదే, స్పానర్లు ఆ తర్వాత.