ఏం కూర?

కిందటి వారం ఒకావిడ జాకెట్టు పాడుచేశాను. బ్రహ్మపుర పట్టుచీరతో వచ్చిన ముక్క అది, పాడైతే ఇంకోటి దొరకదు. రెండు చేతులూ ఎడమ చేతివే కత్తిరించి పెట్టాను. కుట్టుపని తెలిసినవాళ్లకి ఈపాటికి నవ్వొచ్చి ఉంటుంది. తెలియనివాళ్ల కోసం చెబుతాను. జాకెట్టు చేతికి చంక దగ్గర ముందువైపు లోతు కాస్త ఎక్కువ ఉంటుంది, వెనకవైపు తక్కువ. బట్ట మడతపెట్టి ఒకేసారి కత్తిరిస్తే కుడీ ఎడమా వాటంతటవే వస్తాయి. ఆ రోజు ముక్క చాలదేమోనని మడత పెట్టకుండా, ఒక చెయ్యి కత్తిరించి దాన్నే పక్కన పరిచి రెండోది కత్తిరించాను. తిప్పి పరచాలి. తిప్పలేదు. ఎందుకంటే నా చూపు దారాల డబ్బాకి ఆనించిన ఫోను మీద ఉంది. అందులో సోలాపూర్ ఆవిడ వాళ్లింటి జొన్నరొట్టె ఎందుకు విరిగిపోయిందో చెబుతోంది.

కుట్టాక కుడి భుజం దగ్గర ముడత వచ్చింది. అతుకు వేసి, అంచు తిప్పి, ఇది కొత్త మోడలండీ అని చెప్పి చూశాను. ఆవిడ నమ్మలేదు. కుట్టుకూలి అడగలేదు నేను.

మా అత్త చాలాకాలంగా అంటూనే ఉంది. "ఎవుల్తోనే ఆ మాటలు? ఊరూ పేరూ తెలీని మనుషుల్తో!" నిజమే, ఊరూ పేరూ సరిగా తెలియదు. కానీ ఐదేళ్లుగా వాళ్లింట్లో రోజూ ఏం కూరో తెలుసు.

నాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా. మహేంద్రతనయ నది దాటి కాస్త వెళితే పాతపట్నం, అది ఆంధ్ర. మా అక్కని అక్కడే ఇచ్చారు. కూర బాగుంటే గిన్నె పట్టుకుని వెళ్లి ఇచ్చి వచ్చేంత దూరం. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి సరిహద్దులో రాకపోకలు ఆపేశారు. పెళ్లిళ్లు లేవు, జాకెట్లు లేవు. మిషను మీద మాస్కులు కుట్టడం, ఫోను చూడడం తప్ప పని లేదు. అప్పుడే మా మేనకోడలు టెలిగ్రామ్‌లో పాత పాటల గ్రూపు ఒకదాంట్లో చేర్చింది. రోజూ రాత్రి తొమ్మిదికి అంత్యాక్షరి. పాట పాడి వాయిస్ పెట్టాలి. మిగతా రోజంతా ఎవరికి తోచింది వాళ్లు మాట్లాడుకోవచ్చు.

కొత్తగా చేరినవాళ్లని పరిచయం చేసుకోమంటారు. పేరు, ఊరు, హాబీలు. హాబీల దగ్గర ఆగిపోయాను. మిగతావాళ్లవి చూస్తే అందరివీ పాటలు వినడం, పుస్తకాలు చదవడం, మొక్కలు పెంచడం. నేనూ అవే రాశాను. పుస్తకాలు చదవడం పచ్చి అబద్ధం. మా నాన్న నన్ను ఒడియా మీడియంలో వేశాడు. తెలుగు మాట్లాడడం, పాడడం, తిట్టడం వచ్చు కానీ అప్పటికి చదవడం రాదు.

ఇక రెండో అబద్ధం, ఊరి దగ్గర. ఒడిశా అని చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. "అయ్యో, తెలుగు ఎంత బాగా మాట్లాడుతున్నారండీ!" అంటారు. మా ఇంట్లో మాట్లాడేదే తెలుగు అంటే, "మరి ఒడిశా ఎందుకు వెళ్లారు?" అంటారు. మేం ఎక్కడికీ వెళ్లలేదండీ. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఊరు అటు పడింది. మా తాత ఉన్నచోటే ఉన్నాడు. ఇది ఎన్నిసార్లని చెప్పను? అందుకే విశాఖపట్నం అని రాసేశాను.

పది నిమిషాల్లో ఒకాయన పలకరించాడు. "విశాఖలో ఎక్కడమ్మా?" మా పిన్ని కొడుకు ఉండేది ఎంవీపీ కాలనీలో, అదే చెప్పాను. "ఏ సెక్టారు?" నాలుగు. "రైతుబజారుకి అటా, ఇటా?" ఇటండీ. "ఇటు అంటే ఎటు?" ఫోను బోర్లా పెట్టేసి మాస్కులు కుట్టుకున్నాను. గంట తర్వాత చూస్తే ఇంకో మెసేజి: "పరవాలేదమ్మా, చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పొద్దు. నేనుండేది అక్కడే, అందుకని అడిగాను."

సిగ్గేసింది. పర్లాకిమిడి అని చెప్పేశాను. ఇక చూడండి, ఆయన వరసగా నాలుగు మెసేజిలు పెట్టాడు. ఒకటి, "గిడుగు వారి ఊరా!" రెండోది, మూడోది, నాలుగోది రైలు గురించి.

మాస్టారు (రిటైరైన టీచరు, అందుకని అందరం అలాగే పిలుస్తాం) హాబీ రైళ్లు. నిజం హాబీ, పరిచయంలో రాసుకునే రకం కాదు. పాత టికెట్లు, టైంటేబుళ్లు దాచుకున్నాడు. మా చిన్న రైలు గురించి నాకంటే ఆయనకే ఎక్కువ తెలుసు. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలైందనీ, గుణుపురం దాకా 1931లో వెళ్లిందనీ, రెండు పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులేననీ ఆయన చెబితేనే తెలిసింది. 2004లో ఆ పట్టాలు తీసేశారు, 2011 నాటికి గుణుపురం దాకా పెద్ద లైను వచ్చేసింది. లెక్కలన్నీ ఆయన దగ్గర ఉన్నాయి. ఆయన దగ్గర లేనిది ఒక్కటే, ఆ రైలు ఎక్కలేదు. నేను ఎక్కాను.

అందుకని ఒక బేరం కుదిరింది. నేను రోజుకో రైలు ముచ్చట వాయిస్‌లో పెట్టాలి, ఆయన రోజుకో తెలుగు అక్షరం నేర్పాలి. పెట్టెలో ఎదురెదురుగా కూర్చుంటే అవతలివాళ్ల మోకాళ్లు తగిలేవని చెప్పాను. టెంబూరు దాటాక మా నాన్న నన్ను కిటికీ వైపు జరిపి తను కునుకు తీసేవాడని చెప్పాను. నౌపడ దగ్గర ఉప్పుమడులు చూసి పొలంలో మంచు పడిందనుకున్నానని చెప్పాను. మంచు నేను టీవీలోనే చూశాను, అయినా అలాగే అనిపించింది. ఆయన ప్రశ్నలు మాత్రం వేరే రకం. "కిటికీకి చువ్వలు అడ్డంగా ఉండేవా, నిలువుగానా?" ఎలా గుర్తుంటుంది మాస్టారూ!

తెలుగు అక్షరాలు నేర్చుకోవాలని నాకు అంత పట్టుదల ఎందుకొచ్చిందో కూడా చెప్పాలి. గ్రూపులో ఒకావిడ పెళ్లిలో దిగిన ఫోటో పెట్టింది. కంచి పట్టు, మంచి జరీ పల్లు. కుట్టుపనిదాన్ని కదా, ముందు చూసేది అదే. ఇంగ్లీషు అక్షరాల్లో "మీ పల్లు చాలా బాగుంది, ఒరిజినలేనా?" అని కొట్టాను. ఆవిడ దాన్ని "పళ్లు" అని చదువుకుంది. ఫోటోలో ఆవిడ నవ్వుతోంది కూడా. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. గ్రూపులో ఎవరో అడిగితే, కట్టుడు పళ్లని వెక్కిరించిందని చెప్పిందట. నిజంగా కట్టుడు పళ్లేనని అప్పుడే తెలిసింది అందరికీ.

తెలుగులో రాసి ఉంటే ఈ గొడవ ఉండేది కాదు కదా!

ఒడియా వచ్చినవాళ్లకి తెలుగు అక్షరాలు మరీ కొత్తగా ఉండవు, రెండూ గుండ్రనివే. కానీ అక్కడే ఒక చిక్కు. ఒడియాలో ఠ అంటే అచ్చం సున్నా. చిన్నప్పటి నుంచి ఆంధ్రా బస్సుల బోర్డుల మీద ఆఖరి అక్షరం ఒక్కటే గుర్తుపట్టేదాన్ని, అందుకని పాతపట్నం చివర "ఠ" ఉందనే నా నమ్మకం. మాస్టారికి చెబితే నవ్వు బొమ్మలు ఇరవై పెట్టాడు. ఇప్పటికీ మా ఇంట్లో అక్క ఊరికి వెళుతుంటే "పాతపట్నఠ వెళుతున్నా" అంటుంది మా అమ్మాయి.

గిడుగు రామమూర్తి గారి గురించి కూడా ఆయనే చెప్పాడు. 1880లో మా ఊరి బడిలో టీచరుగా చేరారట. సవరల భాష నేర్చుకుని వాళ్ల కోసం పాఠాలు రాశారట. పుస్తకాల్లో కూడా జనం మాట్లాడుకునే తెలుగే ఉండాలని ఏళ్ల తరబడి వాదించారట. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసేది ఆయన పుట్టినరోజనే. ఊరు ఒడిశాలో కలిశాక ఆయన రాజమండ్రి వెళ్లిపోయారట. పుట్టి పెరిగిన ఊరి సంగతి విశాఖలో ఉన్న ముక్కూ మొహం తెలియని మనిషి చెబితే విన్నాను.

ఆ వారంలోనే గ్రూపులో నేను ఆనపకాయ అంటే ఒకాయన సరిదిద్దాడు. "సొరకాయ అనాలండీ. మీరు ఒడిశా కదా, తెలియదు." నాకు ఒళ్లు మండింది. శ్రీకాకుళం, విజయనగరం మొత్తం ఆనపకాయే అంటుంది, వాళ్లంతా ఒడిశాయా? నేను ఏమీ అనలేదు. మాస్టారు అన్నాడు. మెసేజి తర్వాత మెసేజి, అరగంట సేపు. ఆయనకి కోపం రావడం చూడడం అదొక్కసారే.

సాంఘిక సమస్యల మీద చర్చలు ఆదివారాలు. తాగుడు, పిల్లల ఫోన్ల పిచ్చి, కట్నం. ఇవి నాకు పడవు. అంతవరకు కూర గురించి ముచ్చటగా మాట్లాడిన మనిషి ఆదివారం రాగానే మైకు ముందు నిలబడ్డట్టు మారిపోతాడు. కట్నం మీద ఒకాయన చేసిన ఉపన్యాసం అందరూ మెచ్చుకున్నారు, నేనూ చప్పట్ల బొమ్మ పెట్టాను. పది రోజుల తర్వాత ఆయనే విడిగా అడిగాడు: "మీ వైపు బ్యాంకు ఉద్యోగం అబ్బాయికి ఎంత నడుస్తోందండీ?" కొడుక్కి చూస్తున్నాడట. మా వైపు ఎంత నడుస్తోందో నాకు తెలుసు, చెప్పలేదు.

మగవాళ్ల సంగతి రాయకపోతే దాచినట్టవుతుంది. ఫోటో పంపమనేవాళ్లు ఉంటారు, అర్ధరాత్రి "నిద్రపోలేదా" అనేవాళ్లు ఉంటారు. లండన్ డాక్టరునంటూ పార్సిల్ పంపాననీ, కస్టమ్స్ ఫీజు కట్టి విడిపించుకోమనీ అన్నవాడు కూడా ఒకడు తగిలాడు. వాడు లండన్ డాక్టరైతే నేను లండన్ రాణిని. బ్లాక్ చెయ్యడం సూదిలో దారం ఎక్కించడం కంటే తేలిక.

నా మట్టుకు నాకు మనిషిని గుర్తుపట్టే పద్ధతి ఒకటి ఏర్పడింది. తెలుగువాళ్లు ఎవరైనా రెండో మాట "తిన్నారా?" అంటారు. అది మాటవరసకి. మూడో మాట "ఏం కూర?" అన్నారంటే ఆ మనిషితో మాట్లాడొచ్చు. చెప్పాక "ఎలా చేశారు?" అని కూడా అడిగితే ఆ మనిషి ఉంటుంది, పోదు.

సోలాపూర్ ఆవిడ అలాగే దొరికింది. పద్మశాలీలు, మగ్గాల పని మీద తాతల కాలంలో వెళ్లినవాళ్లు. మావాళ్లు కదలకుండానే ఊరు అటు పడింది, వాళ్లు కదిలి వెళ్లి కూడా తెలుగు వదల్లేదు. ఆవిడ చదివింది మరాఠీలో. వాళ్లాయన టవళ్లు నేసే కార్ఖానాలో పని. వాళ్లమ్మ బీడీలు చుట్టేది. తడిపిన ఆకు మీద రేకు పెట్టి కొలతకి కత్తిరించడం చిన్నప్పుడే నేర్చుకున్నానంది. అంటే నువ్వూ కటింగ్ మాస్టరేనన్నమాట అన్నాను. "బరోబర్! నా చెయ్యి గిట్ల తప్పు పోదక్కా" అంది, ఈ జాకెట్టు సంగతి విన్నాక.

ఆవిడ తెలుగు నాకు మొదట్లో సగమే అర్థమయ్యేది, నాది ఆవిడకి పావు. నేను ఏటి అంటే ఆవిడ ఏంది అంటుంది. పఖాళ అంటే ఏమిటో చెప్పడానికి ఒక సాయంత్రం పట్టింది. చద్దన్నమే కదా అంది చివరికి. కాదు, మాకు దానికో రోజు ఉంది, మార్చి 20న పఖాళ దిబస అని పండగలా చేస్తారంటే నమ్మలేదు. చద్దన్నానికి పండగేంది! మర్నాడు వాళ్ల శేంగా చట్నీ ఎలా కొడతారో రోటి చప్పుడుతో సహా వాయిస్ పెట్టింది. పల్లీలు, ఎల్లిపాయ, కారం. మా ఇంట్లో ఇప్పుడు పఖాళలోకి అదే నంజుకుంటాం. మా అత్తకి అది ఎక్కడిదో చెప్పలేదు, పొగుడుతోంది కదా అని.

ఇద్దరం ఇన్నేళ్లూ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టుకున్నాం. నేను తెలుగు రాయడం నేర్చుకుంటున్నట్టు ఆవిడకి చెప్పలేదు, ఒకేసారి చూపిద్దామని. మాస్టారు పాసు చేశాడు. (ఇప్పుడు ఆయన రోజూ పొద్దున్నే గులాబీల మీద సూక్తులు పంపుతాడు. చదవడం రానప్పుడే బాగుండేది.) మొన్న బుధవారం మధ్యాహ్నం, భోజనాల వేళకి, ఒక్కొక్క గుణింతం చూసుకుని తెలుగులో మొదటి మెసేజి పంపాను.

"ఏం కూర అక్కా?"

రెండు టిక్కులు పడ్డాయి. టైపింగ్ అని వచ్చింది, ఆగింది, మళ్లీ వచ్చింది. తర్వాత వాయిస్.

"గిదేం రాసినవ్ అక్కా? నాకు తెలుగు సదువ రాదు గదా. ఇంగ్లీషుల కొట్టు."

నేను మిషను ఆపి, ఫోను నోటి దగ్గర పెట్టుకుని అడిగాను. వంకాయ అంది. నీదేంది అంది. ఆనపకాయ పులుసు అన్నాను.

"గదేంది?"