ఇజీనారం మ్యూజిక్ కాలేజీ మెట్ల మీద

హైదరాబాద్‌లో ఎవరైనా మీదే ఊరండీ అనడిగితే విజయనగరం (మా యాసలో ఇజీనారం) అంటాను, వెంటనే "ఓహో హంపీ, కృష్ణదేవరాయలు..." అని మొదలెడతారు. కాదు బాబూ అది వేరు, మాది వైజాగ్ పక్కన, పూసపాటి రాజుల ఊరు, గురజాడ ఉన్న ఊరు అని ఓ పది నిమిషాలు చెప్పుకోవాలి. ఈమధ్య ఆ ఓపిక కూడా పోయింది. మొన్న లంచ్ టైంలో ఒకావిడ అడిగితే "పి.సుశీల గారి ఊరండీ" అనేశాను. అంతే, అర్థమైపోయింది! కన్యాశుల్కం మొదటిసారి ఆడిందే మా ఊళ్ళో, 1892లో, అయినా గురజాడ పేరు చెప్తే పనవ్వట్లేదు, సుశీలమ్మ పేరు చెప్తే అవుతోంది. ఏం చేస్తాం.

అయితే ఆ మాట అన్న దగ్గర్నుంచీ మా మ్యూజిక్ కాలేజీ బుర్రలో తిరుగుతోంది. కోట దగ్గర ఉంటుంది అది. బోర్డు మీద మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల అని పొడుగు పేరు ఉంటుంది గానీ ఊళ్ళో ఎవరూ అలా అనరు, ఆటోవాడికి మ్యూజిక్ కాలేజీ అంటే చాలు. చిన్నప్పుడు నేను వారంలో మూడు నాలుగు సాయంత్రాలు అక్కడే ఉండేవాణ్ణి. సంగీతం నేర్చుకోడానికి కాదులెండి. మా పిన్ని వీణ నేర్చుకోడానికి వెళ్ళేది, ఒక్కదాన్నీ పంపడం ఇష్టం లేక మా అమ్మమ్మ నన్ను తోడు పంపేది. పిన్ని లోపలికి వెళ్ళిపోతే నేను మెట్ల మీద కూచుని జేబులో తెచ్చుకున్న పల్లీలు తినేవాణ్ణి. ఒక గదిలోంచి సరళీ వరసలు, ఇంకో గదిలోంచి మృదంగం, ఎక్కడో నాదస్వరం, ఎవరి శ్రుతి వాళ్ళది, ఎవరి తాళం వాళ్ళది, అన్నీ కలిసి మెట్ల దగ్గరికొచ్చేసరికి పెళ్ళివారి హడావుడిలా ఉండేది. అది సంగీతం అని నాకెప్పుడూ అనిపించలేదు అప్పట్లో.

ఆ మెట్లెక్కి ఎవరెవరు వెళ్ళారో మా తాతయ్య చెప్పీవోడు. నేను సగం నమ్మీవోణ్ణి కాదు. పెద్దయ్యాక చదివితే చాలామటుకు నిజమే అని తెలిసింది.

కాలేజీ పెట్టిన కథే బాగుంటుంది. సంస్థానంలో పనిచేసే ఒకాయన కొడుక్కి కళ్ళు కనపడవు, సంగీతం మీద మాత్రం విపరీతమైన ఇష్టం. ఆ పిల్లాడికి సంగీతం ఎలా చెప్పించాలి అన్న ఆలోచన రాజుగారి దాకా వెళ్ళింది. వేరే రాజైతే నెలకింత అని ఇచ్చి తంజావూరో మద్రాసో పంపేవాడేమో, విజయరామ గజపతిరాజు గారు ఏకంగా ఒక పాఠశాలే పెట్టేశారు, 1919 ఫిబ్రవరి 5న. శ్రీ విజయరామ గాన పాఠశాల అని పేరు. చూపు లేని ఒక కుర్రాడి కోసం మొదలైన చోటు అన్నమాట. రాజులు అన్నాక కోటలు కట్టుకుంటారు, మా కోట కూడా 1713లో విజయదశమినాడు మొదలెట్టారని గొప్పగా చెప్పుకుంటాం, కానీ నన్నడిగితే పూసపాటి వాళ్ళు కట్టినవాటిలో దీనికే ఎక్కువ మార్కులు వేస్తాను.

మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. బొబ్బిలి దగ్గర అజ్జాడ వాళ్ళది, 1864లో పుట్టారు, అంటే కాలేజీకి వచ్చేసరికి దాదాపు 55 ఏళ్ళు, అప్పటికే హరికథ అంటే దాసుగారు, దాసుగారంటే హరికథ. ఈ హరికథ ఇప్పటి పిల్లలకి చెప్పడం కష్టం. కాళ్ళకి గజ్జెలు, చేతిలో చిరతలు, మెళ్ళో దండ, ఒక్క మనిషి పాట పాడి, పద్యం చదివి, చిందేసి, మధ్యలో జోకేసి నవ్వించి మళ్ళీ వెంటనే ఏడిపించి తెల్లవార్లూ జనాన్ని కూచోబెట్టాలి. మైకుల్లేవు కూడా. ఆయన రెండు చేతులూ రెండు కాళ్ళూ తలా కలిపి ఒకేసారి అయిదు తాళాలు వేసేవారట, అందుకే పంచముఖీ పరమేశ్వరుడు అన్నారు. మా తాతయ్య బాగా చిన్నతనంలో ఒకసారి చూశాట్ట. ఏం చూశావు తాతయ్యా అంటే "ఏటి చూస్తాన్రా, పెద్దోళ్ళ కాళ్ళ మధ్యలోంచి గజ్జెలు కనిపించాయి" అనీవోడు. అంత మాత్రం దానికే జీవితాంతం చెప్పుకున్నాడు.

దాసుగారు పాటకి మాత్రమే అని కూడా అనుకోకండి, ఉమర్ ఖయ్యాం రుబాయీల్ని సంస్కృతంలోకీ అచ్చ తెలుగులోకీ తెచ్చిన మనిషి. అచ్చ తెలుగు పిచ్చి ఎక్కువ ఆయనకి, ఆత్మకథకి "నా యెఱుక" అని పేరు పెట్టుకున్నారు, ఎంత బావుందో చూడండి. ఈ ఊరివాళ్ళం ఆయన్ని హరికథా పితామహుడు అని విగ్రహాలకి దండలేస్తాం గానీ ఆయన రాసినవి తెరిచేవాళ్ళు తక్కువ, నేనూ ఈమధ్యే మొదలెట్టాను, అచ్చ తెలుగు దగ్గర నిఘంటువు పెట్టుకోవాల్సి వస్తోంది, నా మాతృభాషకి నేనే.

ఇక ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. ఈయనకీ చూపు సరిగా ఆనేది కాదు, బడి చదువు కూడా అందుకే ముందుకు సాగలేదు. విశాఖపట్నంలో అన్నగారి దగ్గర ఫిడేలు పట్టుకున్నారు. 1919లో ఇక్కడ కాలేజీ పెడుతున్నారని తెలిసి విద్యార్థిగా చేరదామని వచ్చారు, పాతికేళ్ళ కుర్రాడు. వాయించమన్నారు. విన్నాక, నువ్వు నేర్చుకోడానికి కాదు నేర్పడానికి ఉండు అన్నారు. అడ్మిషన్ కోసం వచ్చినవాడికి ఉద్యోగం ఇచ్చి పంపడం ఇంకెక్కడైనా ఉందా అసలు? ఇప్పుడైతే సర్టిఫికెట్ లేదని గేటు దగ్గరే ఆపేస్తారు. 1936లో దాసుగారి తర్వాత ఈయనే ప్రిన్సిపాల్ అయ్యారు, 1953 దాకా ఉన్నారు. ఫిడేలు అంటే అప్పటిదాకా పాటగాడి పక్కన కూచునే వాద్యం, ఆయన ఒక్కరే స్టేజీ మీద కూచుని కచేరీ మొత్తం దాని మీదే నడిపించారు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వాళ్ళ సంగీత కళానిధి బిరుదు వచ్చింది. 1952లో యెహుదీ మెనూహిన్ మద్రాసు వచ్చినప్పుడు జస్టిస్ రాజమన్నార్ గారింట్లో నాయుడుగారి ఫిడేలు విన్నారు. ప్రపంచంలో ఫిడేలు అంటే మొదట చెప్పుకునే మనిషి మా ఇజీనారం మేష్టారి ముందు కూచుని విన్నాడు, ఆ సీన్ తల్చుకుంటేనే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. ఇంటిపేరు కూడా ద్వారం, ఎవరు పెట్టారోగానీ భలే కుదిరింది.

ఎందుకంటే ఘంటసాల వచ్చి తట్టింది ఆ ద్వారాన్నే.

ఈ కథ చాలామందికి తెలుసు, అయినా చెప్తాను. కృష్ణా జిల్లా కుర్రాడు, తండ్రి పోయాడు, సంగీతం నేర్చుకుంటానని ఆయనకి మాటిచ్చాడు. వేలికున్న ఉంగరం 40 రూపాయలు చేసేది 8 రూపాయలకి అమ్మేసి ఇంట్లో చెప్పకుండా విజయనగరం వచ్చేశాడు. వచ్చేసరికి వేసవి సెలవులు! నాయుడుగారు పాపం ఉండడానికి చోటు చూపించారు, కానీ తోటి కుర్రాళ్ళు చేసిన తప్పు ఈ ఘంటసాల మీదకి రావడంతో అక్కడ్నుంచి బయటపడాల్సి వచ్చింది. కొన్నాళ్ళు గుళ్ళో పడుకున్నాడు. అప్పుడు చేరదీసింది పట్రాయని సీతారామశాస్త్రి గారు, సాలూరు చిన గురువుగారు అంటారు ఆయన్ని. ఆయనా లేనివారే, పాఠం చెప్పగలరు గానీ రెండు పూటలా అన్నం పెట్టలేరు. దాంతో ఈ కుర్రాడు జోలె కట్టుకుని మాధుకరానికి బయల్దేరాడు. పొద్దున్న వీధులు తిరిగి తెచ్చుకున్న అన్నంలో కొంత రాత్రికి గుడ్డలో దాచుకుంటే చీమలు పట్టేవి, తర్వాతెప్పుడో మేనమామ డబ్బులిస్తే దాంతో మొట్టమొదట కొన్నది ఒక డబ్బా. అన్నానికి మూత పెట్టుకోడానికి.

నాకీ కథలో ఉంగరం కన్నా ఆ డబ్బా ఎక్కువ గుర్తుంటుంది.

మా ఊళ్ళో ఒక తమాషా ఉంది. పాత ఇల్లున్న ఎవర్నైనా కదపండి, "ఘంటసాలకి మా బామ్మే అన్నం పెట్టీది" అంటారు. మా వీధిలోనే మూడిళ్ళవాళ్ళు అంటారు. మా అమ్మమ్మ దానికి మూతి తిప్పీది, "ఇంతమంది పెట్టుంటే ఆ గుంటడు ఆకలితో ఎందుకున్నాడే" అని. పాయింటే కదా.

తర్వాత నాయుడుగారు మళ్ళీ కాలేజీలో చేర్చుకున్నారు, నాలుగేళ్ళ కోర్సు రెండేళ్ళలో అయిపోయింది. ఊళ్ళో కచేరీ చేస్తే దాసుగారు తంబురా ఇచ్చి దీవించారని చెప్పుకుంటారు. 1942లో క్విట్ ఇండియా అని జైలుకెళ్ళడం, తర్వాత మద్రాసు, ఆ పైన అందరికీ తెలిసిందే. గురువుగారి అబ్బాయి పట్రాయని సంగీతరావు గారు తర్వాత మద్రాసులో ఘంటసాల దగ్గర హార్మోనియం మీద ఏళ్ళ తరబడి ఉన్నారు. తండ్రి పాఠం చెప్తే కొడుకు పక్కన కూచుని వాయించారు. సంగీతరావు గారు నూరేళ్ళు బతికి 2021లో పోయారు.

సుశీల గారిది ఇంత కష్టాల కథ కాదు. లాయర్ గారమ్మాయి, 1935లో ఇక్కడే పుట్టారు, ఇక్కడే నాయుడుగారి దగ్గర నేర్చుకుని డిప్లొమా చేసి మద్రాసు వెళ్ళారు. కన్నతల్లి సినిమాకి సంగీత దర్శకుడు పెండ్యాల గారు ఏ.ఎం.రాజాతో కలిపి పాడించారు, అది మొదలు. 2016లో గిన్నిస్ వాళ్ళు లెక్కేస్తే 17,695 పాటలు తేలాయి, అన్ని భాషల్లోనూ కలిపి. రేడియోలో ఘంటసాల సుశీల డ్యూయెట్ వస్తే మా తాతయ్య చేస్తున్న పని ఆపి "మన కాలేజీ పాడుతోందర్రా" అనీవోడు. ఇద్దరూ అక్కడ ఒకే టైంలో చదవలేదులే, ఈయన వెళ్ళిపోయాక ఆవిడ, అయినా ఆ మాట నాకు నచ్చుతుంది.

కాలేజీ ఇప్పుడు ఎలా ఉందంటే, ఉంది. 2019లో నూరేళ్ళు నిండాయి. నూరేళ్ళ నుంచీ పొద్దున్నే ఎవరో ఒకరు సరిగమ అంటూనే ఉన్నారు, దానికి ఇంకొంచెం మర్యాద చెయ్యొచ్చు మనం అని నాకుంటుంది. సిరిమానోత్సవం అప్పుడు లక్షల జనం వస్తారు ఊరికి, పైడితల్లి అమ్మవారి గుడి చూస్తారు, గంటస్తంభం దగ్గర ఫోటోలు దిగుతారు, కోట గోడ కూడా చూస్తారు, దీని ముందు నుంచి మాత్రం నడిచి వెళ్ళిపోతారు. నేనూ అంతే చేశాను ఇన్నేళ్ళూ, కొత్తగా ఎవర్నో అనేదేముంది.

మొన్న పండక్కి వెళ్ళినప్పుడు పిన్ని ఇంటికెళ్ళా. అటక మీద వీణ ఉంది, బొబ్బిలి వీణ, పనస చెక్కది, పాత చీరలో చుట్టేసి. దించమంటే దించాను. రెండు తీగలు తెగి ఉన్నాయి. చీర మడతలో ఒక కవరు, అందులో హాల్ టికెట్టు. పిన్ని డిప్లొమా పరీక్షకి ఫీజు కట్టింది, హాల్ టికెట్టు కూడా వచ్చింది, ఈలోగా పెళ్ళి ముహూర్తం పెట్టేశారు, పరీక్షకీ పెళ్ళికీ మధ్య నాలుగు రోజులే తేడా అట, వెళ్ళనివ్వలేదు. ఆ సాయంత్రాలన్నీ మెట్ల మీద కూచున్న నాకు ఈ సంగతి ఇప్పటిదాకా తెలీదు. మేము మామూలుగా పిన్ని "మానేసింది" అనుకున్నాం.

కాసేపు ఆ తెగిన తీగని వేలికి చుట్టుకుంటూ కూచుంది. తర్వాత లోపలికెళ్ళి టీ పెడుతూ అక్కణ్ణుంచే అడిగింది, "ఒరే, సాయంత్రం క్లాసులకి వయసు అడుగుతారేటి ఇప్పుడు? నాకు 58 కదా."

తెలీదు పిన్నీ అన్నాను. సోమవారం కాలేజీకి వెళ్ళి అడుగుతాను.