పెంటకుప్ప కింది మన్నులో వేటగాళ్లు

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు మిక్సోకాకస్ అనే బాక్టీరియాను తీసుకున్నాను. అది మన్నులో గుంపుగా పాకుతూ, ఎంజైములు వదిలి పక్క బాక్టీరియాను కరిగించి తింటుందని చదివాను, అంతే. నల్లగొండ దగ్గర మా బత్తాయి తోటలో పెంటకుప్ప పక్కన మన్ను తవ్వుతుంటే నాయిన నవ్విండు. "మన్నుల ఏం దొరుకుతది బిడ్డా?"

నెలన్నర దాకా నిజంగానే ఏమీ దొరకలేదు. మొదటిసారి మన్నును న్యూట్రియెంట్ అగార్ (బాక్టీరియాకు తిండి కలిపిన జెల్లీ) మీద వేశాను. తెల్లారేసరికి బాసిల్లస్ అనే వేరే బాక్టీరియా ప్లేటంతా కమ్మేసింది. రెండోసారి బూజు. టెన్షన్ పడుతూ మేడం దగ్గరికి పోతే ఆమె ప్లేటు చూసి, "పెళ్లి భోజనం పెట్టినవ్. గబగబా తినేవాళ్లదే పంక్తి. మీవాడు నెమ్మది మనిషి" అన్నారు.

మూడోసారి తిండి తీసేశాను. ఉత్త నీళ్లలో అగార్, కొంచెం కాల్షియం క్లోరైడ్, బూజు రాకుండా సైక్లోహెక్సిమైడ్. దాని మీద ఇ.కోలై అనే బాక్టీరియాను కూడిక గుర్తులా గీసి, నడుమ ఆవగింజంత మట్టి పెట్టి, 30 డిగ్రీల దగ్గర ఉంచాను. ఇక ఆ ప్లేటులో తినడానికి ఉన్నది ఇ.కోలై ఒక్కటే. ఆరో రోజు మట్టి పక్కన గీత పలచబడింది. తొమ్మిదో రోజు లెన్సులో నారింజ రంగు చుక్కలు! తిండి అయిపోయాక లక్ష దాకా కణాలు ఒకచోట చేరి కట్టే గుట్టలవి. వాటిలో చాలా కణాలు చచ్చిపోతాయి, కొన్నే స్పోర్లుగా, అంటే కరువును తట్టుకునే గట్టి కణాలుగా మిగులుతాయి. 1892లో రోలాండ్ థాక్స్టర్ అనే శాస్త్రవేత్త చెప్పేదాకా ఈ జాతిని శిలీంధ్రాలనుకున్నారంటే, ఆ గుట్టలు చూశాక నాకు ఆశ్చర్యం అనిపించలేదు.

దాన్ని శుద్ధి చేయడానికి ఇంకో నెల పట్టింది. ఆ గోల వద్దులెండి.

చివరి ప్రయోగం నన్ను ఎక్కువ తికమక పెట్టింది. మేడం ఫ్రిజ్‌లోంచి స్ట్రెప్టోమైసిస్ కోయెలికలర్ అనే ఇంకో మట్టి బాక్టీరియాను ఇచ్చి, రెండింటినీ పక్కపక్కన పెంచమన్నారు. మిక్సోకాకస్ వైపు అంచున నీలం రంగు పొంగింది. అది ఆక్టినోరోడిన్ అనే యాంటీబయాటిక్. వేటగాడు మీద పడ్డాడు కాబట్టి ఎర తిరగబడిందనుకుని రిపోర్టులో అదే రాశాను. మేడం కొట్టేసి, 2020లో వచ్చిన ఒక పరిశోధన చదవమన్నారు. అసలు గొడవ ఇనుము కోసమట! మిక్సోకాకస్ మిక్సోకెలిన్ అనే పదార్థం వదిలి చుట్టూ ఉన్న ఇనుమును ముందే లాగేసుకుంటుంది. ఇనుము కరువైన స్ట్రెప్టోమైసిస్ ఆక్టినోరోడిన్ తయారు చేస్తుంది. తినడానికి ముందు తిండి దగ్గర పోటీ ఉందని నా బుర్రకు తట్టనే లేదు. ఆ పేజీ మళ్లీ మొత్తం రాశాను.

ఇంటికెళ్లేసరికి నాయిన డ్రమ్ములో అన్నభేది (ఇనుము ఉండే ఉప్పు) కలుపుతున్నడు. బత్తాయి లేత ఆకులు పసుపెక్కినయ్.

"నీ పురుగులేమన్న పనికొస్తయా దీనికి?"

"అవి గూడ దీనికోసమే కొట్లాడుకుంటున్నయ్ నాయినా."

"ఇగ చెట్టుకేం మిగులుతది?" అనుకుంట పంపు భుజానికెత్తుకున్నడు.