గుంత కింద రాయి

శనివారం, రాత్రి

కొండాపూర్‌లో రోడ్డు పక్కన వేప మొక్కలకి గుంతలు. మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోతు తవ్వాలి. రెండడుగులకే గడ్డపార ఖంగుమంది, కింద షీట్ రాక్, అంటే పలకలా పరుచుకున్న గట్టి రాయి. హైదరాబాద్‌లో ఇది మామూలే. ఆ కాస్త రాయినీ తొలిచి మట్టి నింపేస్తే పని అయిపోయినట్టే ఉంటుంది గానీ, అక్కడ తయారయ్యేది నీళ్లు దిగని తొట్టి. వానాకాలంలో వేళ్లు కుళ్లి ఆకులు పసుపెక్కుతాయి. నీళ్లు చాలట్లేదేమోనని ఇంకా పోస్తారు, దాంతో మొక్క పోతుంది.

అందుకే ముందు గుంత నిండా నీళ్లు పోసి వదిలేయాలి. మర్నాటికీ ఇంకకపోతే పల్లం వైపు చిన్న కాలువ తీసి కంకర నింపాలి. ఆ తర్వాతే రెండు పాళ్ల ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు చివికిన పశువుల ఎరువు. మొక్క వచ్చిన సంచి మొత్తం చింపి తీసేయాలి. అందులో చుట్టలు చుట్టుకున్న వేళ్లని విప్పకుండా పాతితే, కొన్నేళ్లకి అవే కాండానికి ఉరి బిగిస్తాయి. కాండం మొదలు మట్టిలో కూరుకుపోకూడదు.

సాయంత్రమంతా అమెరికాలో పార్కులు డిజైన్ చేసిన ఓమ్‌స్టెడ్ ఆఫీసే గుర్తుకొచ్చింది. 1858లో ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కల్వర్ట్ వాక్స్ న్యూయార్క్ సెంట్రల్ పార్క్ డిజైన్ పోటీ గెలిచారు. అందరూ ఆ పార్కు పచ్చిక గురించే చెబుతారు. నాకు గొప్పగా తోచేది, పార్కుకి అడ్డంగా పోయే నాలుగు రోడ్లని నేలమట్టం కిందికి దించడం, చిత్తడి నేలలో ముందు మురుగుగొట్టాలు పరచడం. చెట్టుకన్నా ముందు నీటికి దారి చూశారు. 1883లో ఓమ్‌స్టెడ్ బోస్టన్ పక్కనే ఉన్న బ్రూక్‌లైన్‌కి మారారు, ఇల్లూ ఆఫీసూ అక్కడే. తమ్ముడు పోయాక ఆయన పెంచిన తమ్ముడి కొడుకు జాన్ చార్లెస్, సొంత కొడుకు ఫ్రెడరిక్ జూనియర్ కలిసి 1898లో ఓమ్‌స్టెడ్ బ్రదర్స్ అనే సంస్థ పెట్టారు. అదే చోట ఆఫీసు 1980 దాకా నడిచింది. ప్రతి పనికీ ఒక నంబరు, ఆ నంబరు కింద దాని డ్రాయింగులు, ఉత్తరాలు, ఫొటోలు.

మన దగ్గర మొక్క నాటిన డ్రాయింగు బిల్లు పాసయ్యేదాకానే ఉంటుంది. పదేళ్ల తర్వాత కేబుల్ కోసం ఫుట్‌పాత్ తవ్వేవాళ్లకి వేరు ఎటు పోయిందో తెలియదు. ఒక పక్క వేళ్లన్నీ తెగితే చెట్టుకి పట్టు పోతుంది, మే నెల ఈదురుగాలికి కూలిపోతుంది. అప్పుడు తప్పంతా చెట్టుదే అంటారు. చాలా అన్యాయం.

రేపటి డ్రాయింగులో ప్రతి గుంత పక్కనా నంబరు, రాయి తగిలిన లోతు, కంకర కాలువ ఎటు పోయిందో బాణం గుర్తు.